బరంపురంలో ఉండి లగ్జరీ సెడాన్ కొంటున్నారా? కారు కంటే ముందు వర్క్‌షాపుని చూడండి

మా బావగారిది ఒడిశా కోరాపుట్ జిల్లాలోని జయపురం. రైస్‌మిల్లు వ్యాపారం. ఇన్నేళ్లూ ఇన్నోవాలోనే తిరిగారు. ఈమధ్య ఒకరోజు ఫోన్ చేసి, "ఏమయ్యా, అరవై లక్షల్లో మంచి సెడాన్ ఏదో చెప్పు. బెంజ్ తీసుకోమంటావా, బీఎండబ్ల్యూనా?" అని అడిగారు. నేను బరంపురంలో బట్టల హోల్‌సేల్ చేస్తాను. పదేళ్లుగా జర్మన్ కార్లు వాడుతున్నాను కాబట్టి ఇంట్లో ఎవరు కారు కొన్నా నన్నే అడుగుతారు.

"బావగారూ, ముందు ఒకటి చెప్పండి. సుంకి ఘాట్‌లో కారు ఆగిపోతే మీరు ఎవరికి ఫోన్ చేస్తారు?" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఇన్నోవాకి ఆ ప్రశ్నే ఎప్పుడూ రాలేదు మరి.

హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నవాళ్లు చేసే పోలికలు మనకు సగమే పనికొస్తాయి. వాళ్లకి సర్వీస్ సెంటర్ అరగంట దూరం. నచ్చకపోతే ఇంకోటి ఉంటుంది. మనకి అలా కాదు. బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ 270. రాయగడ వాళ్లకి విశాఖ దాదాపు 200. జయపురం నుంచి విశాఖ 220 దాకా ఉంటుంది, అదీ సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా. అదే జయపురం నుంచి భువనేశ్వర్ వెళ్లాలంటే దాదాపు 500. అంటే ఒడిశాలో ఉంటున్నా కోరాపుట్ జిల్లా వాళ్ల కారుకి అసలు దిక్కు విశాఖే. బరంపురం వాళ్లకి భువనేశ్వర్ దగ్గర, కానీ మన భాషలో గట్టిగా అడగాలంటే విశాఖ నయం. ఈ లెక్క తేలకుండా ఏ కారు గొప్పదో మాట్లాడుకుని లాభం లేదు.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. మా మొదటి కారుకి ఒకసారి డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగింది. చూస్తే చిన్న సెన్సర్ అన్నారు. పార్ట్ లేదు, తెప్పిస్తామన్నారు. పదకొండు రోజులు ఉంచుకున్నారు. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త సర్వీస్ అడ్వైజర్ ఎత్తేవాడు, కథ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది. చివరికి కారు తీసుకోవడానికి వెళ్తే మీటరు మీద 88 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ఉంది. ఇచ్చేటప్పుడు నేను ఫోటో తీసి ఉంచాను కాబట్టి తెలిసింది. "టెస్ట్ డ్రైవ్ చేశాం సార్" అన్నారు. సెన్సర్ మార్చాక 88 కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్ ఎందుకో ఎవరూ చెప్పలేదు. వారంటీలో ఉన్న పని కాబట్టి బిల్లు సున్నా. కానీ దింపడానికి ఒకసారి, తెచ్చుకోవడానికి ఒకసారి తిరగడం, డ్రైవర్ బస్సు చార్జీలు, మధ్యలో అద్దె కారు, పోయిన రెండు పనిదినాలు ఏ బిల్లులోనూ కనిపించవు.

అందుకే నా సలహా ఇది. మీకు నచ్చిన రెండు మూడు కార్లు మనసులో పెట్టుకోండి. కానీ షోరూమ్‌కి వెళ్లినప్పుడు ముందువైపు అద్దాల గదిలో కాఫీ తాగుతూ కూర్చోకండి. వెనక వర్క్‌షాపుకి వెళ్లండి.

వర్క్‌షాపులో ఏం చూడాలి

మొదట అది నిజంగా వర్క్‌షాపేనా, లేక కార్లు తీసుకుని ఇంకో ఊరికి పంపే చోటా అన్నది తేల్చుకోండి. ఒక ఊళ్లో షోరూమ్ ఉందంటే బాడీ షాపు కూడా ఉందని కాదు. బంపర్ పగిలితే, డోర్ నొక్కుకుపోతే పెయింట్ పని ఎక్కడ చేస్తారని నేరుగా అడగండి. "మా మెయిన్ సెంటర్‌కి పంపిస్తాం" అంటే ఆ మెయిన్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో, రానుపోను ట్రక్కు ఖర్చు ఎవరిదో అడగాలి.

రెండోది, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో సర్వీస్ కౌంటర్ దగ్గర ఒక గంట కూర్చోండి. కార్లు ఇచ్చేవాళ్లు వస్తారు, తీసుకునేవాళ్లు వస్తారు. వాళ్లతో మాట్లాడండి. ఒడిశా నంబరు బండి కనిపిస్తే, అందులోనూ ఓడీ 07, ఓడీ 10, ఓడీ 18, ఓడీ 20 కనిపిస్తే వదలకండి. గంజాం, కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల బండ్లు అవి. మన కష్టం వాళ్లకి తెలుసు. "మీకు చెప్పిన రోజుకి ఇస్తున్నారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు, మిగతాదంతా వాళ్లే చెబుతారు. సేల్స్ కుర్రాడు రెండు గంటలు చెప్పేది ఆ పది నిమిషాల ముందు దిగదుడుపే.

మూడోది రోడ్‌సైడ్ అసిస్టెన్స్. అన్ని కంపెనీలూ ఇస్తాయి, దేశమంతా ఉందంటాయి. మీరు అడగాల్సింది, ఘాట్ దారిలో పొట్టంగి దగ్గర ఆగిపోతే ట్రక్కు ఏ ఊరి నుంచి బయలుదేరుతుంది అని. ఇక్కడ ఇంకో విషయం ఉంది. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్ కార్లని మామూలు క్రేన్‌తో ముందు చక్రాలు ఎత్తి లాక్కుపోకూడదు. గేర్‌బాక్స్ పాడవుతుంది. బెంజ్ సీ క్లాస్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ రెండూ అలాంటివే. మొత్తం కారుని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ ట్రక్కే రావాలి. రోడ్డు మీద దయతో ఆగిన లారీవాడు తాడు కట్టి లాగుతానంటే కూడా వద్దనాలి. మీ డ్రైవర్‌కి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

నాలుగోది టైర్లు. ఇది నేను విడిగా, కాస్త ఎక్కువగా చెప్పాలి.

ఛత్రపురం దాటాక ఒకసారి వర్షంలో వస్తున్నాను. బ్రిడ్జి జాయింట్ దగ్గర తారు లేచిపోయి ఉంది, నీళ్లు నిలిచి కనబడలేదు. ధన్‌మని తగిలింది. కారు ఆగలేదు, ఏ లైటూ వెలగలేదు. ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున కారు కడిగేటప్పుడు మా డ్రైవర్ చూపించాడు, ముందు ఎడమ టైరు పక్కగోడ మీద కోడిగుడ్డంత బుడిపె. టైర్ల షాపాయన బొటనవేలితో నొక్కి చూసి, "లోపల దారాలు తెగిపోయాయి బాబూ, దీనికి పంక్చర్ వేయడం కుదరదు, హైవే ఎక్కకండి" అన్నాడు. ఆ సైజు బరంపురంలో ఏ షాపులోనూ లేదు. బయట నుంచి వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది.

టైరు మీద 225/45 ఆర్18 అని ఉంటుంది. 225 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 45 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 45 శాతం, అంటే సుమారు 101 మిల్లీమీటర్లు. గట్టిగా నాలుగు అంగుళాలు. ఆ నాలుగు అంగుళాల రబ్బరే మన గోతులకీ మీ రిమ్ముకీ మధ్య ఉన్నది. 18 అంటే రిమ్ సైజు అంగుళాల్లో. పెద్ద రిమ్ చూడ్డానికి బాగుంటుంది కానీ ఒకే కారులో 17 అంగుళాల చక్రాల వేరియంట్ దొరికితే మన రోడ్లకి అదే తీసుకోండి. షోరూమ్‌లో డిక్కీ తెరిపించి స్టెప్నీ ఉందో లేదో కళ్లతో చూడండి, మాట మీద నమ్మకండి. రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటే గాలి పూర్తిగా పోయినా గంటకి 80 మించకుండా 80 కిలోమీటర్ల దాకా నడపొచ్చు. ఘాట్ మధ్యలో ఉన్నవాడికి అది చిన్న వరం కాదు, కోరాపుట్‌కో సాలూరుకో చేరిపోతాడు. కానీ రన్‌ఫ్లాట్ గట్టిగా ఉంటుంది, గోతులు నడుముకి తెలుస్తాయి, ఖరీదూ ఎక్కువ.

బయటి మెకానిక్‌ల గురించి కూడా అడుగుతుంటారు. మన దగ్గర మంచి పనివాళ్లున్నారు, కాదనను. కానీ ఈ కార్లలో బ్యాటరీ మార్చినా కంప్యూటర్‌లో నమోదు చేయాల్సి వస్తుంది. బీఎండబ్ల్యూలో అయితే తప్పదు, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జింగ్ చేస్తుంది. వారంటీ ఉన్నన్నాళ్లూ బయట ముట్టించకండి.

ఇక కార్ల సంగతి

బావగారి బడ్జెట్‌లో గట్టిగా చూడాల్సినవి బెంజ్ సీ క్లాస్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంగ్ వీల్‌బేస్. కాస్త తక్కువలో ఆడి ఏ4. వీటి పక్కన నేను టయోటా కామ్రీని కూడా పెడతాను. "అది లగ్జరీ కారా?" అని బావగారు మొహం చిట్లించారు. ఎందుకు పెడుతున్నానో చెబుతాను.

సీ క్లాస్ ఇప్పటి తరం మన దేశంలోకి 2022లో వచ్చింది. పుణె దగ్గర చాకన్‌లో తయారవుతుంది. సీ 200లో ఉన్నది 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 204 హార్స్‌పవర్, 300 ఎన్ఎం టార్క్ (ఇంజన్ తిప్పే బలం). సీ 220డీలో 2 లీటర్ల డీజిల్, 200 హార్స్‌పవర్, 440 ఎన్ఎం. కాగితం మీద రెండూ గంటకి 100 కిలోమీటర్లు అందుకోవడానికి 7.3 సెకన్లే తీసుకుంటాయి. అందుకని ఒకటే అనుకోకండి. నలుగురు పెద్దవాళ్లు, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసుకుని సాలూరు వైపు నుంచి ఘాట్ ఎక్కండి, తేడా తెలుస్తుంది. మలుపులో వేగం పడిపోయాక మళ్లీ అందుకోవాలంటే పెట్రోల్ ఇంజన్ గేర్లు దించుకుని గట్టిగా తిరగాలి. డీజిల్ కింద నుంచే నెట్టేస్తుంది, ముందున్న లారీని దాటేయడం హాయిగా ఉంటుంది. కోరాపుట్, రాయగడ వాళ్లకి నా ఓటు డీజిల్‌కే.

అయితే డీజిల్‌కి ఒక షరతుంది. బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లలో పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు హైవే మీద ఒకే వేగంతో ఇరవై నిమిషాలైనా నడవాలి. కోర్టుపేట నుంచి పెద్ద బజారు, పెద్ద బజారు నుంచి ఇల్లు, అంతే తిరిగే బండికి ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది. మా వీధిలో ఒక డాక్టరుగారికి ఆసుపత్రికీ ఇంటికీ మూడు కిలోమీటర్లు. ఆవిడ డీజిల్ కొంటానంటే నేనే వద్దన్నాను.

3 సిరీస్‌లో 330ఎల్ఐ పెట్రోల్ 258 హార్స్‌పవర్, 400 ఎన్ఎం, వందకి 6.2 సెకన్లు. చెన్నై దగ్గర తయారవుతుంది. నడపడం ఇష్టమైనవాళ్లకి ఇంకో కారు చూపించనక్కర్లేదు. స్టీరింగ్ పట్టుకుని ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా నాలుగు వరుసల రోడ్డు మీద పోతుంటే ఆ ఎనిమిది గేర్ల బాక్స్ మన మనసు చదివినట్టు పనిచేస్తుంది. చక్రాల మధ్య దూరం 2961 మిల్లీమీటర్లు, సీ క్లాస్‌లో 2865. దాదాపు పది సెంటీమీటర్ల ఆ తేడా అంతా వెనక సీటువాళ్ల కాళ్లకే దక్కింది. కానీ పొడుగు కారుకి కడుపు తగిలే బాధ ఉంటుంది. ముందు చక్రాలు గట్టు దాటాయి, వెనకవి ఇంకా ఎక్కలేదు, మధ్యలో అడుగుభాగం రాసుకుంటుంది. మన ఊళ్లలో పంచాయతీ వాళ్లు వేసిన స్పీడ్ బ్రేకర్లకి కొలత ఉండదు. నలుగురిని ఎక్కించుకుని మీ ఇంటి సందులోకి, మీ గేటు ర్యాంపు మీదికి టెస్ట్ డ్రైవ్ కారు తెప్పించి చూడండి. షోరూమ్ చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పి ఇచ్చేది టెస్ట్ డ్రైవ్ కాదు. అరవై లక్షలు పెట్టేవాడు కారుని తన ఊరికి పంపమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు, పంపుతారు కూడా.

సీ క్లాస్‌లోనూ 3 సిరీస్‌లోనూ వెనక మధ్య సీటు లేనట్టే లెక్క. వెనక చక్రాలకి పవర్ వెళ్లే గొట్టం కోసం నేల మధ్యలో పెద్ద గట్టు ఉంటుంది, అక్కడ కూర్చున్నవాడు కాళ్లు రెండు వైపులా వేసుకోవాలి. ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఇది రోజూ గొడవే.

ఆడి ఏ4 గురించి క్లుప్తంగా. 2 లీటర్ల పెట్రోల్, 204 హార్స్‌పవర్, ముందు చక్రాల డ్రైవ్, వందకి 7.1 సెకన్లు. లోపలి పనితనం ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. కానీ ఇది పాత తరం కారు, విదేశాల్లో 2024లోనే దీని స్థానంలోకి ఏ5 వచ్చేసింది. రేపు అమ్ముకునేటప్పుడు ఆ మాట ఎదురవుతుంది. డిస్కౌంటు గట్టిగా వస్తేనే చూడండి.

కామ్రీ 2024 డిసెంబర్‌లో కొత్త తరం వచ్చింది, అప్పుడు ఎక్స్‌షోరూమ్ 48 లక్షలు. 2.5 లీటర్ల పెట్రోల్‌కి హైబ్రిడ్ మోటార్ తోడు, రెండూ కలిపి 230 హార్స్‌పవర్. కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకి 25కి పైనే. మన వాడకంలో అంత రాదు, కానీ ఈ గుంపులో పెట్రోల్ ఆదాకి దీని దరిదాపుల్లోకి వచ్చే కారు లేదు. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ. ఊళ్లో ట్రాఫిక్‌లో చాలాసేపు ఇంజన్ ఆగిపోయే ఉంటుంది, పెద్ద బజారు జనంలో నత్తనడకన పోయేటప్పుడు ఆ నిశ్శబ్దం ఎంత సుఖమో కూర్చుంటేనే తెలుస్తుంది. లోపం ఏమిటంటే ఘాట్ ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే ఇంజన్ ఒకే స్వరంతో అరుస్తుంది, జర్మన్ కారులో ఉండే ఆ ధీమా ఉండదు. దిగేటప్పుడు మాత్రం బ్రేకుల శక్తి బ్యాటరీలోకి చేరుతుంది. పొట్టంగి నుంచి సాలూరు దిగేసరికి బ్యాటరీ గీతలు నిండిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఇది టయోటా. మన జిల్లాల్లో ఇన్నోవా తిరగని ఊరు లేదు. మీ పక్కింటి ఇన్నోవా ఎక్కడ సర్వీస్ అవుతోందో కనుక్కుని, "హైబ్రిడ్ పని చేయడానికి శిక్షణ ఉన్న మెకానిక్ మీ దగ్గర ఉన్నాడా?" అని ఆ వర్క్‌షాపునే అడగండి. ఉన్నాడంటే మీ సగం టెన్షన్ అక్కడే తీరిపోయింది.

లెక్సస్ ఈఎస్ అదే ఇంటి కారు, చాలా గొప్ప కారు. 2024 నుంచి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. బెంజ్ ఇచ్చేది కిలోమీటర్ల పరిమితి లేకుండా 3 ఏళ్లు. కానీ లెక్సస్ సర్వీస్ సెంటర్లు దేశంలోనే కొన్ని, మనవాళ్లకి దూరం. హైదరాబాద్‌లో కూడా ఇల్లున్నవాళ్లయితే ఆలోచించండి.

డబ్బు లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు తీసేసి జీఎస్టీ 40 శాతం చేశారు. అంతకుముందు 28 శాతం పన్ను మీద సెస్సు కలిపి 1500 సీసీ దాటిన, హైబ్రిడ్ కాని సెడాన్లకి 48 శాతం పడేది. కాబట్టి పాత రివ్యూల్లో కనిపించే ధరలు పక్కన పెట్టేసి కొత్త కొటేషన్ తీసుకోండి.

కొటేషన్‌లో ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్) అని ఉంటుంది. పది లక్షలు దాటిన ఏ కారుకైనా కడతాం. అరవై లక్షల బండికి అరవై వేలు. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమవుతుంది, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో తగ్గించుకోవచ్చు. ఆడిటర్‌కి చెప్పడం మరిచిపోయి వదులుకున్నవాళ్లని నేను చూశాను.

వ్యాపారస్తులకి ఇంకో మాట. "కంపెనీ పేరు మీద తీసుకోండి సార్, జీఎస్టీ మొత్తం వెనక్కి వస్తుంది" అని షోరూమ్‌లో ఎవరైనా అంటే నమ్మకండి. కార్లు అమ్మేవాళ్లకి, టాక్సీలు, డ్రైవింగ్ స్కూళ్లు నడిపేవాళ్లకి తప్ప మామూలు వ్యాపారికి ప్యాసింజర్ కారు మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. వచ్చేది ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో తరుగుదల, ఏడాదికి 15 శాతం. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాదికి అందులో సగమే. అక్టోబరు మొదటివారం దాటాక కొంటే ఆ సగం లెక్కలోకి వస్తారు. దసరాకి కొనాలనుకునేవాళ్లు క్యాలెండర్ ఒకసారి చూసుకోవాలి.

రిజిస్ట్రేషన్ విషయంలో సరిహద్దు వాళ్లం తెలివి చూపించబోయి ఇబ్బంది పడతాం. విశాఖలో చుట్టాల అడ్రసు మీద ఆంధ్రా నంబరు తీసుకుని బరంపురంలో తిప్పేవాళ్లున్నారు. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలన్నది చట్టం, అంటే రెండోసారి రోడ్డు టాక్స్. మొదటి రాష్ట్రంలో కట్టింది వెనక్కి రాబట్టుకోవడం ఓపికకి పరీక్ష. విశాఖలో కొన్నా టెంపరరీ రిజిస్ట్రేషన్ చేయించుకుని వచ్చి, ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్), ఫారం 22 (బండి రోడ్డుకి తగినదన్న సర్టిఫికెట్) జాగ్రత్తగా ఉంచుకుని, మీరు ఉండే జిల్లా ఆర్టీవోలోనే శాశ్వత నంబరు తీసుకోండి. సునాబెడ హెచ్‌ఏఎల్, దామన్‌జోడి నాల్కో లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవాళ్లకి బీహెచ్ సిరీస్ (దేశమంతా చెల్లే నంబరు) దారి ఉంది. రెండేళ్లకోసారి టాక్స్ కట్టుకుంటూ పోవచ్చు, బదిలీ అయినా నంబరు మారదు.

విలువ పడిపోవడం ఈ కార్లలో అసలు ఖర్చు. ఇన్సూరెన్స్ వాళ్ల పట్టిక ప్రకారం చూసినా మూడో ఏడు నిండేసరికి 30 శాతం, ఐదో ఏడు నిండేసరికి 50 శాతం తగ్గించేస్తారు. మార్కెట్‌లో ఒక్కోసారి అంతకంటే దారుణం. పైగా కట్టిన రోడ్డు టాక్స్ తిరిగి రాదు. కామ్రీకీ సీ క్లాస్‌కీ కొన్నప్పుడు ఉన్న పది పన్నెండు లక్షల తేడాని చూసి ఆగిపోకండి, ఆరేళ్లు పోయాక చేతికి ఎంత వస్తుందో, మధ్యలో ఎంత పెట్టామో కలిపి చూడండి. సర్వీస్ ప్రయాణం కూడా ఆ లెక్కలో వేయండి. బరంపురం నుంచి విశాఖ రానుపోను 540 కిలోమీటర్లు. లీటరుకి 12 ఇచ్చే కారుకి 45 లీటర్లు. లెక్క సులువుకి లీటరు వంద అనుకున్నా నాలుగున్నర వేలు. దింపడానికి వెళ్లేది, తెచ్చుకునేటప్పుడు వచ్చేది కలిపితే అంత. ఏడాదికి రెండుసార్లు అనుకోండి, డ్రైవర్ బత్తా, టోల్ కాకుండానే తొమ్మిది వేలు. డీలరు కారుని ఇంటి నుంచి తీసుకెళ్లి తెచ్చి ఇస్తానంటే డిస్కౌంటు కంటే దాన్ని ముందు రాయించుకోండి, నోటిమాట కాదు, బుకింగ్ ఫారం మీద, ఎన్నేళ్లో కూడా.

ఇన్సూరెన్స్ దగ్గర పొదుపు వద్దు

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా దాకా ముంచింది. మనం అక్టోబరు ఎలా గడుస్తుందో తెలియని ఊళ్లలో ఉన్నాం. ఈ సెడాన్లు కిందకి ఉంటాయి, నీళ్లలో స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోకి నీరు లాక్కుంటుంది. అప్పుడు మామూలు పాలసీ చేతులెత్తేస్తుంది. ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ తప్పకుండా ఉండాలి, జీరో డిప్రిసియేషన్ (పార్టుల ధరలో తరుగు కోయకుండా ఇచ్చేది) ఉండాలి, టైర్ల కవర్ మన రోడ్లకి వేరే చెప్పక్కర్లేదు. మొదటి మూడేళ్లు రిటర్న్ టు ఇన్వాయిస్ (కారు పూర్తిగా పోతే కొన్న బిల్లు ధర ఇచ్చేది) కూడా తీసుకోండి. నీళ్లు నిలిచిన రాత్రి కారు దగ్గరికి వెళ్లి స్టార్ట్ అవుతుందో లేదో చూడాలన్న ఆత్రం ఆపుకోవాలి, అదొక్కటే చేయాల్సింది. ట్రక్కు వచ్చాకే కదలాలి.

ఎవరికి ఏది

బరంపురంలో ఉండి, తనే నడుపుతూ, నెలకి రెండు మూడుసార్లు భువనేశ్వర్ వెళ్లే నలభై ఏళ్ల మనిషికి నేను 330ఎల్ఐ చెబుతాను. భువనేశ్వర్ పని మీదే వెళ్తాడు కాబట్టి సర్వీస్ ఆ ప్రయాణంలోనే అయిపోతుంది. ఇచ్ఛాపురం దాటితే పెట్రోల్ ఖరీదు పెరుగుతుంది, ట్యాంకు ఒడిశాలోనే నింపుకుని వెళ్లండి. ఫ్యూయల్ మూత లోపల స్టిక్కర్ మీద ఏ ఆక్టేన్ పెట్రోల్ కావాలో రాసి ఉంటుంది, అది చదవకుండా పోయించకండి.

రాయగడ, కోరాపుట్ వైపు ఘాట్ రోడ్ల మీద ఎక్కువ తిరుగుతూ, విశాఖలో ఇల్లో బంధువులో ఉన్నవాళ్లకి సీ 220డీ. ఊళ్లోనే తిరిగే డాక్టర్లకి, పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టే ఇళ్లకి కామ్రీ. ఆడి నచ్చి, మంచి ధర వచ్చి, విశాఖ వర్క్‌షాపు మీద మీకు నమ్మకం కుదిరితే నేను కాదనను.

బావగారి విషయానికి వస్తే, ఆయన డ్రైవర్‌ని పెట్టుకుని వెనక కూర్చుంటారు. మోకాళ్ల నొప్పి. ఇదంతా చెప్పాక గత ఆదివారం అక్కని కూడా తీసుకుని విశాఖ వచ్చారు, నేనూ ఇక్కణ్ణుంచి వెళ్లాను. సీ క్లాస్ వెనక సీట్లోంచి లేవడానికి డోర్ పైన పట్టుకోవాల్సి వచ్చింది ఆయనకి. కామ్రీలో తనంతట తానే దిగారు. అక్క రెండిట్లోనూ కూర్చుని చూసి, "ఏది కొన్నా సరే, ఘాట్‌లో ఆగిపోతే ఎవరొస్తారో ఆ కాగితం మీద రాయించుకోండి" అంది. బావగారు సేల్స్ అబ్బాయిని పిలిచి అదే అడిగారు. ట్రక్కు విజయనగరం నుంచి వస్తుందా, విశాఖ నుంచా అని. అతను లోపలికి వెళ్లి మేనేజరుని అడిగి వస్తానన్నాడు. లిఖితంగా పంపిస్తామని చెప్పారు. ఆ మెయిల్ వచ్చాకే అడ్వాన్స్ కడదామని బావగారిని ఆపి ఉంచాను.